ఆర్థిక అక్షరాస్యత సంస్థకు స్థానిక భాగస్వాములు: ఎవరితో, ఏ షరతులపై కలిసి పనిచేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అప్పులు, వడ్డీ, పొదుపు, బీమా, ఆన్‌లైన్ మోసాల గురించి పెద్దలకు ఉచితంగా తరగతులు నడిపే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యవర్గంలో నేను సభ్యుడిని. బోధించేవారంతా వాలంటీర్లే. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరే ఉన్నారు, తరగతుల ఏర్పాటు మొదలుకొని జమాఖర్చుల దాకా అన్నీ ఆమే చూసుకుంటారు. వ్యక్తులు ఇచ్చే విరాళాలతో ఇంతవరకు బండి నడిచింది గానీ, నేర్చుకోవడానికి వచ్చేవారు పెరిగిన కొద్దీ ఆ డబ్బు చాలడం లేదు. అందువల్ల చుట్టుపక్కల సంస్థలతో కలిసి పనిచేయాలని నిర్ణయించుకున్నాము. ఆ మాట బయటికి పొక్కగానే నాలుగు వైపుల నుంచి కబురు వచ్చింది.

మొదటిది ఒక బ్యాంకు. ఏడాది ఖర్చులో సగానికి పైగా భరిస్తామంటున్నారు. బదులుగా మా పాఠ్య పత్రాలన్నింటి మీద తమ పేరు, ముద్ర ఉండాలనీ, ప్రతి విడతలో ఒక తరగతి తమ ఉద్యోగి తీసుకుంటారనీ, హాజరైనవారి పేర్లు, ఫోన్ నంబర్లు తమకు పంపాలనీ అడిగారు. రెండవది గ్రంథాలయం, వారానికి రెండు సాయంత్రాలు హాలు ఉచితంగా ఇస్తామన్నారు. మూడవది ఒక కార్మిక సంఘం. వారు డబ్బు ఇవ్వలేరు, కానీ త్వరలో తమ సభ్యులకు వేతన సవరణ బకాయిలు చేతికి వస్తాయి కనుక అంతకుముందే వచ్చి మాట్లాడమంటున్నారు. నాల్గవది ఒక ఉన్నత పాఠశాల, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పమని కోరింది.

కార్యవర్గంలో అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. బ్యాంకు డబ్బు లేకపోతే మిగతావేవీ చేయలేమని కొందరు, ఆ షరతులకు ఒప్పుకుంటే సంస్థ పెట్టిన ఉద్దేశమే దెబ్బతింటుందని కొందరు వాదిస్తున్నారు. ఉన్న మనుషులతో నాలుగూ ఒకేసారి చేయడం అయ్యే పని కాదు. దేనికి ముందు చోటివ్వాలి, దాతకు ఎంతవరకు తలుపు తెరవాలి, చేసిన పని వల్ల మేలు జరిగిందని రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించాలి అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

మొదటి సమాధానం (విశ్రాంత బ్యాంకు అధికారి)

ఉద్యోగ జీవితమంతా బ్యాంకులో గడిపి, ఇప్పుడు మీలాంటి సంస్థలోనే అప్పుల్లో ఉన్నవారికి సలహాలిస్తున్నాను కనుక రెండు వైపులా తెలిసిన మనిషిగా చెబుతున్నాను. బ్యాంకు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ఖాతాదారుకు లెక్క తెలిస్తే బ్యాంకుకూ మంచిదే, మొండి బాకీలు తగ్గుతాయి. అయితే ఆ మూడు షరతులనూ ఒకే గాటన కట్టకండి. వాటిలో ఒకటి సులువుగా ఒప్పుకోదగ్గది, ఒకటి మార్చుకోదగ్గది, ఇంకొకటి ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడనిది.

ఒప్పుకోకూడనిది పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా. మీ దగ్గరికి వచ్చేవారు ఎందుకు వస్తున్నారో ఒకసారి ఆలోచించండి. డబ్బు గురించి మాట్లాడడానికి వెళ్లిన ప్రతి చోటా వారికి ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్మజూపుతారు, మీ దగ్గర మాత్రం ఎవరూ ఏదీ అమ్మరు. ఆ జాబితా చేయి మారిన మరుసటి వారం నుంచి వారికి రుణాల ఫోన్లు మొదలవుతాయి, ఆ ఫోన్లు మీ వల్లనే వచ్చాయని వారికి తెలియడానికి ఎంతో కాలం పట్టదు. ఒక సంస్థ వాడిన హాజరు పట్టీని నేను స్వయంగా చూశాను. పేరు, ఫోన్, సంతకం అని మూడు గడులు ఉన్నాయి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘సంతకం చేసినవారు సమాచారం అందుకోవడానికి సమ్మతించినట్టే’ అని అచ్చు వేశారు. చదవడం రాని ఒక పెద్దాయన అందులో వేలిముద్ర వేస్తుంటే చూసి మనసు చివుక్కుమంది. మీ పట్టీలో అలాంటి వాక్యం ఉండకూడదు, ఇంకా చెప్పాలంటే ఫోన్ నంబరు గడి కూడా పట్టీలో ఉండకూడదు. తరగతి వాయిదా పడితే చెప్పడానికి నంబర్లు కావాలంటే అవి మీ ఉద్యోగి దగ్గర వేరుగా ఉండాలి.

మార్చుకోదగ్గది బ్యాంకు ఉద్యోగి తీసుకునే తరగతి. ఇక్కడ ఏం చెప్పాలో మీరే నిర్ణయించి ఇవ్వండి. మోసం జరిగిన గంటలో ఖాతాను ఎలా నిలిపివేయించాలి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఎలా ఇవ్వాలి, రుణ ఒప్పందంలో ఏ పేజీ ముందు చదవాలి, వాయిదా కట్టలేని నెల వస్తే బ్యాంకును ఎప్పుడు, ఏమని అడగాలి అన్నవి లోపల పనిచేసినవారికి తెలిసినంతగా బయటివారికి తెలియవు. వీటిని వారి చేత చెప్పించుకుంటే అది నిజమైన సాయం. అమ్మకాలు మాత్రం ఆ గదిలో జరగకూడదు. నేను హాజరైన ఒక తరగతిలో దాత పంపిన ప్రతినిధి వడ్డీ లెక్కను చక్కగానే వివరించి, చివరి పది నిమిషాల్లో బల్ల మీద క్రెడిట్ కార్డు దరఖాస్తులు పరిచారు. అప్పటిదాకా వెనక వరుసలో కూర్చుని తన మూడు అప్పుల వాయిదాలనూ ఒక కాగితం మీద కూడుకుంటున్న ఒకావిడ, లెక్క సగంలోనే ఆపి ఆ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు.

ఇది నా ఒక్కడి పట్టుదల కాదు. ఆర్థిక విద్యను వ్యాపార సలహా నుంచి స్పష్టంగా వేరుచేయాలని, పలు దేశాల ప్రభుత్వాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2005లోనే తన సిఫార్సుల్లో చెప్పింది, ఈ రంగంలో పనిచేసే ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల కోసం 2014లో విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. బ్యాంకు అధికారులతో మాట్లాడేటప్పుడు వీటిని ప్రస్తావిస్తే, మీరు మొండిగా అడ్డు చెబుతున్నారని కాకుండా అందరూ పాటించే పద్ధతినే అడుగుతున్నారని వారికి అర్థమవుతుంది.

ఒప్పుకోదగ్గది పేరు, ముద్ర. గోడ మీది బ్యానరుపైనా, వార్షిక నివేదికలోనూ, ధన్యవాదాల పుటలోనూ వేయండి. రెండు రుణాల వడ్డీ పోల్చి చూసుకునే అభ్యాస పత్రం మీద మాత్రం ఏ బ్యాంకు ముద్రా వద్దు. ఆ కాగితం ఇంటికి వెళ్తుంది, నెలల తరబడి ఉంటుంది, ఎవరి పేరు ఉంటే వారే మంచివారని మీరు చెప్పినట్టు అవుతుంది.

సగానికి పైగా ఖర్చు ఒక్కరే భరించడం గురించి కూడా ఆలోచించండి. ఏ ఒక్క దాత వాటా కూడా మూడో వంతు దాటకుండా చూసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే రేపు ఆ బ్యాంకు రుసుముల గురించే తరగతిలో ఎవరైనా ప్రశ్న అడిగితే, జీతం దేనితో వస్తుందో గుర్తొచ్చి మీ వాలంటీరు గొంతు తగ్గకూడదు. మొదటి ఏడాది అంతకు మించి తీసుకోక తప్పకపోతే, మిగతాది ఎక్కడి నుంచి తెస్తారో కార్యవర్గం తీర్మానంలో రాసుకుని మరీ తీసుకోండి.

రెండవ సమాధానం (సామాజిక కార్యక్రమాల ఫలితాలను మదింపు చేసే వ్యక్తి)

పై సమాధానంలోని షరతులన్నీ సరైనవే. అయితే చర్చ అంతా బ్యాంకు చుట్టూ తిరగడం వల్ల, మీకు వచ్చిన నాలుగు కబుర్లలో అన్నింటికంటే విలువైనది మరుగున పడుతోందని నాకు అనిపిస్తోంది. అది కార్మిక సంఘం పిలుపు. డబ్బు తేవడం లేదన్న కారణంతో దాన్ని చివరికి నెట్టకండి.

కారణం చెబుతాను. ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 201 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రజల ఆర్థిక ప్రవర్తనలో కనిపించే తేడాల్లో, ఆర్థిక విద్యా కార్యక్రమాల వల్ల వచ్చినవిగా చెప్పగలిగేవి 0.1 శాతం మాత్రమేనని అందులో తేలింది. నేర్పినది కాలక్రమంలో వాడిపోతుందనీ, ఎన్నో గంటలు బోధించిన కార్యక్రమాల ప్రభావం కూడా 20 నెలలు గడిచేసరికి దాదాపు కనబడకుండా పోతుందనీ వారు గమనించారు. అందుకే నిర్ణయం తీసుకునే సమయానికి దగ్గరగా, ఆ నిర్ణయానికి సంబంధించినది మాత్రమే నేర్పాలని సూచించారు. ఇది చదివి నిరాశపడనక్కరలేదు. కైజర్, లుసార్డి, మెన్‌కాఫ్, అర్బన్ 2022లో ప్రచురించిన మరో విశ్లేషణ, యాదృచ్ఛిక పద్ధతిలో (పాఠం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో చీటీ తీసినట్టు నిర్ణయించి) జరిగిన 76 ప్రయోగాలను కలిపి చూసి, ఆర్థిక విద్య జ్ఞానాన్నీ ప్రవర్తననూ రెండింటినీ మెరుగుపరుస్తుందని తేల్చింది. ప్రభావం ఉంటుందా లేదా అన్నదానిపై పండితుల వాదన ఇంకా కొనసాగవచ్చు గానీ, పాఠం ఎప్పుడు చెప్పాలన్న విషయంలో మొదటి వ్యాసం ఇచ్చిన సలహా చిన్న సంస్థలకు ఎంతో పనికొస్తుందని నా నమ్మకం.

ఆ సమయం మీకు తెలియదు, భాగస్వామికి తెలుస్తుంది. బకాయిల డబ్బు ఏ నెలలో చేతికి వస్తుందో సంఘానికి తెలుసు. ఆ డబ్బు రావడానికి పది రోజుల ముందు గంటన్నర మాట్లాడితే, ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చాలా, కొంత పక్కన పెట్టుకోవాలా, బంధువులు అడిగితే ఏం చెప్పాలి అన్నవి వారికి ఆ వారంలోనే ఎదురయ్యే ప్రశ్నలు. అదే పాఠం ఆరు నెలల ముందు చెబితే మర్యాదకు విని వెళ్తారు.

జీతం పెరిగే సమయం ఎంత విలువైనదో చెప్పడానికి థేలర్, బెనార్ట్జీ 2004లో ప్రచురించిన అధ్యయనం ఒక్కటి చాలు. ఇప్పుడు కాదు, రేపు జీతం పెరిగినప్పుడు పొదుపు వాటాను పెంచడానికి ముందుగానే ఒప్పుకోమని ఉద్యోగులను అడిగారు. ఆ పథకంలో చేరినవారి పొదుపు రేటు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతిలో ఉన్నది తగ్గించుకోమంటే ఎవరికైనా కష్టమే, ఇంకా రానిదాంట్లో కొంత పక్కన పెట్టమంటే అంత కష్టం కాదు. ఇలాంటిది మీరు ఒంటరిగా చేయలేరు. జీతాల విభాగం, సంఘం, బ్యాంకు ముగ్గురూ కలిస్తేనే అవుతుంది, కార్మికుడి పక్షాన వాటిని కలిపి కూర్చోబెట్టగలిగే స్థానం మీది.

బ్యాంకుతో కూడా ఈ కోణంలోనే మాట్లాడండి. ఇండోనేసియాలో కోల్, శాంప్సన్, జియా జరిపిన ప్రయోగంలో (2011లో ప్రచురితం) ఆర్థిక అక్షరాస్యత తరగతి వల్ల మొత్తం మీద కొత్త ఖాతాలు పెరగలేదు. చదువు లేనివారిలో, ముందు నుంచి లెక్కలు తెలియనివారిలో మాత్రం కొంత పెరుగుదల కనిపించింది. ఖాతా తెరిస్తే ఇచ్చిన కొద్దిపాటి ప్రోత్సాహకం మాత్రం స్పష్టంగా పనిచేసింది. బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్ దేశాల్లోని బ్యాంకులతో కలిసి చేసిన మరో ప్రయోగంలో, పొదుపు లక్ష్యాన్ని గుర్తుచేస్తూ పంపిన సందేశాలు పొదుపును పెంచాయి. కాబట్టి మీ బ్యాంకు నుంచి అడగవలసింది బోధకుణ్ని కాదు, కనీస నిల్వ అక్కరలేని ఖాతానూ, నెలకొకసారి గుర్తుచేసే సందేశాన్నీ అడగండి. అవి వారు మాత్రమే ఇవ్వగలరు, మీరు ఎంత బాగా పాఠం చెప్పినా ఇవ్వలేరు.

ఏం చెప్పాలన్నదానికి ఒక మాట. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారుల్లో ఒక గుంపుకు పద్ధతి ప్రకారం జమాఖర్చుల లెక్క నేర్పారు, రెండవ గుంపుకు వ్యాపారం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో పెట్టండి అన్నంత తేలికైన నియమాలు మాత్రమే చెప్పారు. డ్రెక్స్‌లర్, ఫిషర్, షోర్ 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండవ గుంపే తమ లెక్కలను బాగు చేసుకుంది. సంఘం సభ్యులకు మీరు ఇచ్చే గంటన్నరలో ఇలాంటి నియమాలు రెండో మూడో నిలిస్తే చాలు.

మూడవ సమాధానం (గ్రంథాలయ ఉద్యోగిని)

నేను భాగస్వామి వైపు నుంచి రాస్తున్నాను. గ్రంథాలయం అనగానే అందరూ హాలు గురించే అడుగుతారు. హాలు మేము ఇచ్చేవాటిలో చాలా చిన్నది. కంప్యూటర్ల దగ్గర కూర్చునే మాకు రోజూ ఎదురయ్యే మనుషులే మీ సంస్థకు కావలసినవారు. దరఖాస్తు నింపడానికి వచ్చి, మధ్యలో ఫోన్ చూపించి, ‘అమ్మా, నాకు బహుమతి వచ్చిందట, ఈ నంబరు చెప్పమంటున్నారు, చెప్పనా?’ అని అడుగుతారు. అప్పుడు మేము ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి దగ్గరికి పంపాలి అన్నది మాకు ఎవరూ నేర్పలేదు. కాబట్టి తరగతులు మొదలుపెట్టే ముందు గ్రంథాలయ సిబ్బందికే ఒక పూట శిక్షణ ఇవ్వండి. తరువాత మీరు గోడకు అంటించే ప్రకటన కంటే మా నోటి మాట మీద ఎక్కువమంది వస్తారు.

హాలు గురించి కూడా ఒక విన్నపం. పాఠానికి హాలు సరిపోతుంది, అప్పుల గురించి మాట్లాడడానికి సరిపోదు. తలుపు వేసుకునే చిన్న గది ఒకటి అడగండి. తన అప్పు ఎంతో పక్కింటివారికి తెలుస్తుందనే భయంతోనే చాలామంది చివరిదాకా నోరు విప్పరు. మా దగ్గర వెనుక వైపు పాత పత్రికలు ఉంచే గది ఉంది. దానిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించాక వచ్చినవారు మాట్లాడే తీరే మారిపోయింది.

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా ఆదాయపు పన్ను పత్రాలు నింపిపెట్టే ‘వీటా’ కార్యక్రమం యాభై ఏళ్లకు పైగా ఈ దారిలోనే నడుస్తోంది. పన్నుల శాఖ శిక్షణ ఇస్తుంది, వాలంటీర్లు పరీక్ష నెగ్గి ధ్రువీకరణ పొందాకే కూర్చుంటారు, పని జరిగే చోట్లు మాత్రం గ్రంథాలయాలు, బడులు, సామాజిక భవనాల వంటివి. ఎవరి వంతు ఏమిటో తేటగా ఉంది కనుకనే అంతకాలం నిలిచిందని నేను అనుకుంటాను.

భాగస్వామ్యాలు తెగిపోవడానికి నాకు కనిపించిన పెద్ద కారణం కోపతాపాలు కాదు, మనుషుల బదిలీ. మాట ఇచ్చిన అధికారి వేరే చోటికి వెళ్తారు, కొత్తవారికి ఆ సంగతే తెలియదు, ఒక సాయంత్రం మీవాళ్లు వచ్చేసరికి హాలుకు తాళం ఉంటుంది. ఒకటి రెండు పేజీల్లో ఒప్పందం రాసుకోండి. ఏ రోజులు, తాళం ఎవరి దగ్గర, ఇరువైపులా బాధ్యులు ఎవరు, వారు లేనప్పుడు ఎవరు, ఎప్పుడు మళ్లీ కూర్చుని సమీక్షించుకోవాలి అన్నవి అందులో ఉంటే చాలు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

మీ అందరికీ కృతజ్ఞతలు. కార్మిక సంఘాన్ని మేము నిజంగానే చివర పెట్టుకున్నాము, ఇప్పుడు ముందుకు తెస్తాము. రెండు సందేహాలు మిగిలాయి. జాబితా ఇవ్వలేమంటే బ్యాంకు వెనక్కి తగ్గవచ్చు, అప్పుడు వారికి బదులుగా ఏం చూపాలి? పాఠశాల విషయం ఎవరూ ప్రస్తావించలేదు, అక్కడ ఏం చేయడం మంచిది?

మొదటి సమాధానం రాసిన వ్యక్తి

జాబితా అడిగే అధికారికి చాలాసార్లు కావలసింది తన పైవారికి చూపించడానికి ఒక కాగితం. ఎన్ని తరగతులు జరిగాయి, ఎంతమంది వచ్చారు, అందులో ఆడవారు ఎందరు, ఏ వయసువారు, ఏ ప్రశ్నలు ఎక్కువగా అడిగారు అన్నవి పేర్లు లేకుండా మూడు నెలలకొకసారి ఇవ్వండి. నిజానికి జనం అడిగే ప్రశ్నల పట్టిక ఏ బ్యాంకుకైనా ఫోన్ నంబర్ల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇక ఎవరైనా తామే ఆ బ్యాంకులో ఖాతా తెరవాలనుకుంటే, శాఖకు వెళ్లి తామే అడుగుతారు. ఇంత చెప్పాక కూడా పేర్లు ఇస్తేనే డబ్బు అంటే, వారు అడుగుతున్నది భాగస్వామ్యం కాదు, ఖాతాదారుల వేట. సగం తరగతులతో సరిపెట్టుకోండి గానీ ఆ డబ్బు తీసుకోకండి.

నాల్గవ సమాధానం (గణిత ఉపాధ్యాయుడు)

పాఠశాలకు మీ వాలంటీర్లను ఏడాది పొడవునా పంపాలని చూడకండి. వారు రెండు నెలలకే అలసిపోతారు, మాకు కూడా పీరియడ్లు సర్దడం కుదరదు. దానికి బదులు ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, ఇప్పటికే ఉన్న పాఠంలో మీ విషయాన్ని ఎక్కడ చొప్పించవచ్చో చూపించండి. చక్రవడ్డీ సూత్రాన్ని మేము ఎలాగూ చెబుతాము. ఆ పూటే, 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుందని చెప్పి, 24 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు ఏమీ తీర్చకపోతే మూడేళ్లకు రెట్టింపు చుట్టుపక్కలకు చేరుతుందని పిల్లల చేతనే లెక్క వేయిస్తే, వాళ్లు బల్లల మీద నుంచి తలెత్తి చూస్తారు. మీ వైపు నుంచి మాకు కావలసింది నిజమైన రుణ పత్రం నమూనా, పేర్లు కొట్టివేసిన జీతం చీటీ, నెల ఖాతా నకలు. అవి మా పాఠ్యపుస్తకంలో ఉండవు. బకాయిల పని ముగిశాక, వచ్చే విద్యా సంవత్సరానికి దీన్ని పెట్టుకున్నా ఆలస్యం కాదు.

రెండవ సమాధానం రాసిన వ్యక్తి

ఫలితాలు చూపడం గురించి మీరు మొదట అడిగినదానికి నేను జవాబు ఇవ్వలేదు. తరగతికి ముందు, తరువాత జ్ఞానం కొలవడానికి లుసార్డి, మిచెల్ తయారుచేసిన మూడు ప్రశ్నలు ఎన్నో దేశాల్లో వాడుకలో ఉన్నాయి. 2 శాతం వడ్డీతో నూరు డాలర్లు ఐదేళ్లు ఉంచితే 102 కంటే ఎక్కువ అవుతాయా, సరిగ్గా 102 అవుతాయా, తక్కువ అవుతాయా అన్నది మొదటిది. వడ్డీ కంటే ధరలు వేగంగా పెరిగితే ఆ సొమ్ముతో కొనగలిగేది పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది రెండవది. ఒకే కంపెనీ వాటా కొనడం, పలు కంపెనీల వాటాలున్న ఫండులో పెట్టడం, ఈ రెండింటిలో ఏది భద్రం అన్నది మూడవది. డాలర్లను మీ డబ్బులోకి మార్చుకుని నోటితో అడగండి, చదువు రానివారిని వదిలేయకుండా ఉంటుంది.

అయితే జవాబులు తెలియడం ఒకటి, పని మారడం ఒకటి. సంఘం తరగతి అయిన మూడు నెలలకు, ముందే ఇష్టపడి ఒప్పుకున్నవారికి మాత్రం మీ ఉద్యోగి ఫోన్ చేసి, బకాయి డబ్బుతో ఏదైనా అప్పు తీర్చారా, తీరిస్తే ఏ అప్పు, కొంతైనా పక్కన ఉందా అని అడగాలి. తీర్చలేకపోయానని చెప్పినవారి జవాబునూ అలాగే రాసుకోండి, దాతకిచ్చే నివేదికలో దాన్ని దాచకండి. వీలైతే సంఘంలోని రెండు శాఖల్లో ఒకదానికి బకాయిలకు ముందు, ఇంకోదానికి తరువాత తరగతి పెట్టండి. ఆ రెండింటి జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే సమయం గురించి నేను చెప్పినది మీ దగ్గర ఎంతవరకు నిజమో తెలుస్తుంది. సంఘం వారితో తేదీలు ఖరారు చేసుకునేటప్పుడే ఈ మాట కూడా అడగండి, డబ్బు పడ్డాక అడిగితే ఆ అవకాశం ఉండదు.